పంకా అడిగినంతే కరెంటు: రిమోట్ విమానానికి మోటారు, ప్రొపెల్లర్ కుదిరే లెక్క

విజయనగరంలో మోటార్లు రివైండింగ్ చేసే ఒక దుకాణం ముందు కిందటేడు ఒక సాయంత్రం ముగ్గురు ఇంజనీరింగ్ విద్యార్థులు నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతిలో నిమ్మకాయంత మోటారు ఉంది. దుకాణం పెద్దాయన దాన్ని అందుకుని ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తర్వాత దీపం వెలుగులో తిప్పి చూపించారు. తేనె రంగులో మెరవాల్సిన రాగి తీగ మాడిన బెల్లం పాకంలా నల్లబడి ఉంది.

"వార్నిష్ మాడిపోయింది బాబూ. దీని మీద ఎంత లోడు పెట్టారు?" అని అడిగారాయన.

"లోడేమీ లేదండీ. ప్రొపెల్లర్ ఒక్కటే పెట్టాం."

బావుల మోటార్లు చుట్టడమే వృత్తిగా బతికిన ఆయనకు ఆ జవాబులోని తప్పు వెంటనే దొరికింది. పంపు లేని మోటారుకు లోడు ఉండదు. పంపు తగిలించాక ఆ పంపే లోడు. విమానం మోటారుకు ప్రొపెల్లరే లోడు. ఈ ఒక్క మాట మనసుకు పడితే మోటారు, ప్రొపెల్లర్ ఎంపికలోని చిక్కుముడి సగం విడిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో ఇప్పుడు రిమోట్ విమానాలు కట్టే పిల్లలు పెరిగారు. భాగాలు కొరియర్‌లో ఇంటికే వస్తున్నాయి. వాటి మీద అచ్చువేసిన అంకెల అర్థం మాత్రం పెట్టెలో రావడం లేదు.

ఆ విద్యార్థుల విమానం బరువు 900 గ్రాములు. మోటారు 2212 రకం, 2200 కేవీ. బ్యాటరీ 3ఎస్ లైపో, అంటే మూడు లిథియం పాలిమర్ సెల్‌లు వరసగా కలిపిన 11.1 వోల్టులది. మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ 30 ఆంపియర్లది. ప్రొపెల్లర్ 10 అంగుళాలది. కేవీ ఎక్కువైతే బలం ఎక్కువని, ప్రొపెల్లర్ పెద్దదైతే లాగు ఎక్కువని వాళ్ళు అనుకున్నారు. రెండో మాటలో కొంత నిజం ఉంది. మొదటిది పూర్తిగా అపోహ.

ఈ కేవీ సబ్‌స్టేషన్ కేవీ కాదు

33 కేవీ, 11 కేవీ లైన్ల పేర్లు విని పెరిగిన మనకు కేవీ అనగానే కిలోవోల్టు గుర్తుకు రావడం సహజం. అక్కడ పెద్ద అంకె అంటే పెద్ద వోల్టేజీ. విమాన మోటారు మీది కేవీకి దానితో ఏ సంబంధమూ లేదు. లోడు లేకుండా వదిలేసినప్పుడు ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే అంకె ఇది. 1000 కేవీ మోటారుకు 11.1 వోల్టులిస్తే ఉత్తినే తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 11,100 చుట్లు తిరుగుతుంది. 2200 కేవీ మోటారు అదే బ్యాటరీ మీద 24,400 చుట్ల దాకా పోతుంది.

పొందూరు ఖద్దరు నేతకు నూలు వడికే రాట్నాన్ని తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. చక్రానికీ కదురుకూ ఉన్న ఆ నిష్పత్తి, వడికే అమ్మ చేతిలో ఎంత సత్తువ ఉందో చెప్పదు. కేవీ కూడా అలాంటి నిష్పత్తే. మోటారు సత్తువను చెప్పేవి దాని పరిమాణం, అందులోని రాగి, అయస్కాంతాల మోతాదు, వేడిని బయటికి పంపగల శక్తి.

ఆ పరిమాణాన్ని తెలిపేదే 2212 అనే అంకె. లోపలి స్టేటర్ వ్యాసం 22 మిల్లీమీటర్లు, ఎత్తు 12 మిల్లీమీటర్లు అని దాని అర్థం. కొందరు తయారీదారులు స్టేటర్ కొలతలకు బదులు బయటి డబ్బా కొలతలు వేస్తారు. అందువల్ల ఒకరు 2212 అన్న మోటారునే మరొకరు 2830 అనవచ్చు. రెండు దుకాణాల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఇక్కడే పొరబడుతుంటారు.

ఈ మోటార్లను ఔట్‌రన్నర్లు అంటారు. లోపలి రాగి చుట్టలు కదలవు, అయస్కాంతాలు అతికించిన బయటి డబ్బా తిరుగుతుంది. కొత్తగా ఇళ్ళలోకి వస్తున్న బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాను కూడా ఇదే కుటుంబానిది. తల పైకెత్తి చూస్తే రెక్కలు పట్టుకుని తిరిగేది దాని బయటి డబ్బాయే.

రెండు అంగుళాల కథ

ప్రొపెల్లర్ మీద 10×4.5 అనో, 1045 అనో ఉంటుంది. మొదటిది వ్యాసం, అంటే రెక్కల ఒక కొన నుంచి మరో కొనకు ఉన్న దూరం. రెండోది పిచ్. చెక్కలో మరసీల బిగించేటప్పుడు ఒక చుట్టుకు అది ఎంత లోపలికి దిగుతుందో, జారిపోని గాలిలో ప్రొపెల్లర్ ఒక చుట్టుకు అంత ముందుకు పోతుందని పిచ్‌కు అర్థం. రెండు కొలతలూ అంగుళాల్లోనే ఉంటాయి.

వ్యాసం ఎందుకంత ముఖ్యమో కళింగపట్నం, భావనపాడు వైపు పడవలు నడిపేవారికి చెప్పనక్కర లేదు. వెడల్పు తెడ్డుతో నెమ్మదిగా లాగినా పడవ సాగుతుంది. సన్నకర్రతో ఎంత వేగంగా కొట్టినా నీళ్ళు చిందడమే ఎక్కువ. గాలిలోనూ అంతే. ఎక్కువ గాలిని కొద్దిగా తోయడం తక్కువ ఖర్చు, కొద్ది గాలిని గట్టిగా విసరడం ఎక్కువ ఖర్చు.

దీన్ని అంకెల్లో చూద్దాం. మన తీరప్రాంతపు వేడిగాలిలో, నష్టాలేమీ లేని ఆదర్శ ప్రొపెల్లర్‌కు సరిగ్గా 100 వాట్లు అందాయనుకుందాం. నిలకడగా ఉన్న స్థితిలో 6 అంగుళాలది సుమారు 765 గ్రాముల థ్రస్ట్, అంటే ముందుకు లాగే బలం ఇవ్వగలదు. 8 అంగుళాలది 925 గ్రాములు, 10 అంగుళాలది 1,070 గ్రాములు ఇస్తాయి. నిజమైన ప్రొపెల్లర్లు వీటికంటే తక్కువే ఇస్తాయి గానీ వరస మారదు. 1,200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాను 30 వాట్ల చుట్టుపక్కల ఖర్చుతో గదంతా గాలి ఆడించగలగడానికి మోటారు మంచిదవడం ఒక కారణమైతే, రెక్కలు పెద్దవై నెమ్మదిగా తిరగడం మరో కారణం.

అలాగైతే అన్ని విమానాలకూ పెద్ద ప్రొపెల్లరే పెడితే సరిపోదా? ఆ విద్యార్థులు వేసిన ప్రశ్న కూడా ఇదే.

కరెంటును లాగేది ఎవరు

పెట్రోలు ఇంజనుకు మోయలేని ప్రొపెల్లర్ తగిలిస్తే అది మూలుగుతుంది, నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. తన చేతకానితనాన్ని ఒప్పుకుంటుంది. విద్యుత్ మోటారుకు ఆ గుణం లేదు. అడిగిన పని చేయడానికి బ్యాటరీ నుంచి ఎంతైనా లాగుతూ పోతుంది, కాలిపోయేదాకా.

దీని వెనక ఒక చక్కని కారణం ఉంది. తిరుగుతున్న మోటారు తానే చిన్న డైనమోలా పనిచేసి బ్యాటరీకి ఎదురుగా వోల్టేజీ పుట్టిస్తుంది. బ్యాటరీ వోల్టేజీలోంచి ఈ ఎదురు వోల్టేజీని తీసేయగా మిగిలినదే తీగలోకి కరెంటును తోస్తుంది. వేగంగా తిరిగితే మిగిలేది తక్కువ కాబట్టి కరెంటూ తక్కువే. ప్రొపెల్లర్ పట్టి ఆపి వేగం తగ్గించిందంటే మిగిలేది పెరుగుతుంది, కరెంటు ఉప్పెనలా వస్తుంది.

కాలిన మోటారు లెక్క ఇప్పుడు వేయవచ్చు. 10 అంగుళాల ప్రొపెల్లర్ లోడుకు ఆ 2200 కేవీ మోటారు 10,000 చుట్లకు పడిపోయిందనుకుందాం. 10,000ను 2,200తో భాగిస్తే ఎదురు వోల్టేజీ సుమారు 4.5. బ్యాటరీ 11.1 వోల్టులు కనుక 6.5 వోల్టులకు పైగా మిగిలింది. మోటారు, ఈఎస్‌సీ, తీగలు, బ్యాటరీ అన్నిటి నిరోధం కలిపి 0.1 ఓం అనుకున్నా కరెంటు 65 ఆంపియర్లు దాటుతుంది. ఈఎస్‌సీ మీద రాసి ఉన్నది 30. ఆ పరీక్షలో అదీ పోయింది.

ఎంత పెంచితే ఎంత భారమవుతుందో అంచనా వేయడానికి రెండు సూత్రాలు చాలు. ఒకే ప్రొపెల్లర్‌ను వేగంగా తిప్పాలంటే కావలసిన శక్తి, వేగం పెరిగిన నిష్పత్తిని మూడుసార్లు గుణించినంత పెరుగుతుంది. 1000 కేవీ తీసి 1400 కేవీ పెట్టి అదే ప్రొపెల్లర్ ఉంచితే, 1.4 × 1.4 × 1.4, అంటే సుమారు 2.7 రెట్ల భారం మీద పడబోతోందన్నమాట. వేగం మార్చకుండా, పిచ్ మార్చకుండా వ్యాసం మాత్రమే పెంచితే ఆ నిష్పత్తిని నాలుగుసార్లు గుణించుకోవాలి. 8 నుంచి 9 అంగుళాలకు వెళ్తే 1.6 రెట్లు. 6 నుంచి 10కి వెళ్తే 7.7 రెట్లు. భారం పెరిగేకొద్దీ మోటారు వేగం కొంత తగ్గుతుంది కనుక అసలు పెరుగుదల ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా ఒక్క అంగుళం ఎంత పని చేస్తుందో తెలియడానికి ఈ లెక్క సరిపోతుంది. 2212 పరిమాణంలో 2200 కేవీ చుట్టింది 3ఎస్ మీద 6 అంగుళాల ప్రొపెల్లర్ల కోసం. 1000 కేవీ చుట్టింది 9, 10 అంగుళాల వాటికోసం.

వేడి కూడా కరెంటు పెరిగినంత మాత్రమే పెరగదు. తీగ నిరోధం 0.09 ఓం ఉన్న మోటారులో 15 ఆంపియర్లు పారితే తీగలో 20 వాట్లు వేడిగా పోతాయి. 25 ఆంపియర్లయితే 56 వాట్లు. నిమ్మకాయంత లోహంలో 56 వాట్లు! వేడి తీగతోనే ఆగదు. సాధారణ రకం నియోడైమియం అయస్కాంతాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే శాశ్వతంగా బలహీనపడటం మొదలవుతుంది. అలాంటి మోటారు కాలిపోయినట్టు కనబడదు. కానీ ఆ తర్వాత అదే పనికి ఎక్కువ కరెంటు తింటుంది.

వాట్ల వాదం, థ్రస్ట్ వాదం

ఒక విమానానికి ఎంత శక్తి కావాలో తేల్చడానికి అభిరుచిపరుల్లో రెండు పద్ధతులున్నాయి. రెండింటికీ గట్టి సమర్థకులున్నారు.

పాతతరం వారు వాట్లు లెక్కేస్తారు. విమానం ఒక్కో కిలోకు 110 నుంచి 150 వాట్లుంటే నెమ్మదిగా హాయిగా ఎగురుతుంది. 150 నుంచి 200 ఉంటే శిక్షణ విమానానికి ధీమాగా సరిపోతుంది. పల్టీలు కొట్టాలంటే 220 నుంచి 300, ముక్కు ఆకాశానికి పెట్టి గాలిలో నిలబడాలంటే 330కి పైన. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య వాట్‌మీటరు పెడితే ఈ అంకె నేరుగా కనిపిస్తుంది. అదే ఈ పద్ధతి బలం. బలహీనత ఏమిటంటే, మీటరు చూపేది బ్యాటరీ నుంచి పోయిన వాట్లను. వాటిలో ఎన్ని గాలిని తోశాయో, ఎన్ని వేడిగా పోయాయో అది చెప్పదు. కాలిపోతున్న మోటారు కూడా మీటరులో ఘనంగానే కనబడుతుంది.

రెండోవర్గం థ్రస్ట్‌ను బరువుతో పోలుస్తుంది. డ్రోన్ల నుంచి ఇటువైపు వచ్చినవారికి ఇది అలవాటు. డ్రోన్ తన బరువంతా ప్రొపెల్లర్లతోనే మోయాలి కనుక అక్కడ ఈ లెక్క తప్పనిసరి. విమానం బరువును మోసేది రెక్క. శిక్షణ విమానానికి బరువులో సగం, మూడింట రెండు వంతుల థ్రస్ట్ ఉన్నా చాలు. థ్రస్ట్ లెక్కతో ఉన్న అసలు ఇబ్బంది వేరు. అది విమానాన్ని కట్టేసి కొలిచిన అంకె. విమానం కదిలేకొద్దీ ఎదురుగాలిలో థ్రస్ట్ తగ్గుతూ పోతుంది. ఎంత త్వరగా తగ్గుతుందో చెప్పేది పిచ్, వేగాలే.

నా మటుకు నేను వాట్లతో మొదలుపెట్టి, ప్రొపెల్లర్‌ను మాత్రం పిచ్ వేగంతో, అంటే పిచ్‌ను నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే వచ్చే వేగంతో తేలుస్తాను. కారణం కింది ఉదాహరణలో ఉంది.

కళింగపట్నం గాలిలో రెండు ప్రొపెల్లర్లు

అదే 900 గ్రాముల విమానాన్ని తీసుకుందాం. రెక్క పొడవు 1.2 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు. ఇలాంటి రెక్క గంటకు సుమారు 27 కిలోమీటర్ల కంటే నెమ్మదిస్తే గాలి పట్టు వదిలేసి విమానం కుంగిపోతుంది. ప్రొపెల్లర్ పిచ్ వేగం ఈ కనీస వేగానికి రెండున్నర రెట్లయినా ఉండాలన్నది బాగా పనికొచ్చే అలవాటు సూత్రం. అంటే మనకు 68 కావాలి.

2212 రకం, 1000 కేవీ మోటారు, 3ఎస్ బ్యాటరీ. లోడు మీద ఇలాంటి మోటారు వేగం, వోల్టులను కేవీతో గుణించిన అంకెలో 65 నుంచి 80 శాతం మధ్య ఉంటుంది. 10×4.5 నెమ్మది రకం ప్రొపెల్లర్ పెడితే 7,200 చుట్లు తిరుగుతోందని, 15 ఆంపియర్లు లాగుతోందని అనుకుందాం. 4.5 అంగుళాలంటే 11.4 సెంటీమీటర్లు. నిమిషానికి 823 మీటర్లు, గంటకు 49 కిలోమీటర్లు. ఇప్పుడు 9×6 పెడదాం. భారం కొంత తగ్గి 8,000 చుట్లు తిరుగుతుంది, కరెంటు 12 ఆంపియర్లు. 6 అంగుళాలంటే 15.24 సెంటీమీటర్లు. నిమిషానికి 1,219 మీటర్లు, గంటకు 73 కిలోమీటర్లు.

కట్టేసి కొలిస్తే మొదటిదే గెలుస్తుంది. దానిది 850 గ్రాముల దరిదాపు, రెండోది 600 గ్రాముల లోపు. పట్టిక చూసి కొనేవారు 10×4.5నే ఎంచుకుంటారు. గాలిలేని తెల్లవారుజామున, విజయనగరం అయోధ్య మైదానం లాంటి చోట తేలికపాటి విమానానికి అది నిజంగా బాగుంటుంది కూడా. కొద్ది పరుగులోనే లేస్తుంది, మెల్లగా తిరుగుతుంది. అదే విమానాన్ని మధ్యాహ్నం కళింగపట్నం తీరానికి తీసుకెళ్ళండి. సముద్రం నుంచి గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకుందాం. విమానం అసలు వేగం పిచ్ వేగం కంటే కొంత తక్కువే ఉంటుంది కనుక 40 దగ్గర ఆగిపోతుంది. ఎదురుగాలిలో నేలమీద దాని ప్రయాణం గంటకు 20 కిలోమీటర్లే. మోటారు మోగుతూనే ఉంటుంది, విమానం ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. 9×6కి ఆ అవస్థ లేదు. పైగా తక్కువ ఆంపియర్లతో పని జరుగుతుంది.

దీనికి మరో మెలిక ఉంది. నెమ్మది రకం ప్రొపెల్లర్ల రెక్కలు వెడల్పుగా, పలుచగా ఉంటాయి. ప్రొపెల్లర్లు తయారుచేసే ఏపీసీ సంస్థ తన స్లో ఫ్లయర్ (నెమ్మది) రకానికి వేగ పరిమితిని 65,000ను అంగుళాల వ్యాసంతో భాగించి చెబుతుంది. 10 అంగుళాలదానికి అది 6,500 చుట్లు. మన ఉదాహరణలోని 7,200 ఆ గీత దాటేసింది! అదే సంస్థ థిన్ ఎలక్ట్రిక్ రకానికి ఇచ్చిన పరిమితి దీనికి రెట్టింపు కంటే ఎక్కువ. 9 అంగుళాలదానికి 16,000 చుట్లకు పైమాటే. విరిగిన రెక్క ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే బాగుండునని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

తక్కువ కేవీకి టార్క్ ఎక్కువా?

ఈ వాదన ఎప్పటికీ తెగదు. ఒక ఆంపియరుకు ఎంత టార్క్, అంటే మెలితిప్పే బలం పుడుతుందో తెలియాలంటే, 9.55ను కేవీతో భాగించాలి. 1000 కేవీకి 0.0096 న్యూటన్ మీటర్లు, 2200 కేవీకి 0.0043. ఈ లెక్క చూపి తక్కువ కేవీదే బలమంటారు ఒకరు. అదే పరిమాణంలో 2200 కేవీ మోటారులో రాగి తీగ చుట్టిన చుట్లు తక్కువ, తీగ లావు, నిరోధం దాదాపు అయిదో వంతు, కనుక అదే వేడికి 2.2 రెట్లు కరెంటు మోసి అంతే టార్క్ ఇస్తుందంటారు మరొకరు. ఇద్దరి మాటా సరైనదే. మొదటివారు ఆంపియరుకు లెక్కేస్తున్నారు, రెండోవారు వేడికి లెక్కేస్తున్నారు. విమానం కట్టేవారికి తేడా వచ్చేది తీగల్లో, ఈఎస్‌సీలో, బ్యాటరీలో. ఎక్కువ ఆంపియర్లంటే అవన్నీ లావు కావాలి, బరువు పెరుగుతుంది. 3ఎస్ నుంచి 4ఎస్‌కు వెళ్ళి కేవీ తగ్గించుకునేవారి ఆలోచన ఇదే. అవే వాట్లను తక్కువ ఆంపియర్లతో తెస్తారు.

పట్టికకు, మైదానానికి మధ్య

మోటారుతో వచ్చే పట్టికలోని అంకెలు ఏ వోల్టేజీ దగ్గర కొలిచారన్నది ముందు చూసుకోవాల్సిన విషయం. నిండా ఛార్జయిన 3ఎస్ 12.6 వోల్టులు. లోడు పడగానే 11 దగ్గరికి దిగుతుంది, పాతబ్యాటరీ అయితే ఇంకా కిందికి. స్థిరమైన 12 వోల్టుల సరఫరాతో కొలిచిన పట్టిక మన విమానంలో ఎప్పుడూ నిజం కాదు. ఒకే 9×6 అంకె ఉన్నా ఇద్దరు తయారీదారుల ప్రొపెల్లర్లు ఒకే కరెంటు లాగవు. రెక్క వెడల్పు, వంపు వేరు కనుక. అంచనా వేసే సాఫ్ట్‌వేర్లు దగ్గరి దాకా తీసుకొస్తాయి, చివరిమాట మాత్రం వాట్‌మీటరుదే.

ఎండాకాలం కూడా లెక్కలోకి వస్తుంది. డిసెంబరు ఉదయం 20 డిగ్రీలకూ, మే మధ్యాహ్నం 40 డిగ్రీలకూ గాలి సాంద్రతలో సుమారు 6 శాతం తేడా ఉంటుంది. గాలి పలుచబడితే ప్రొపెల్లర్ లోడు కొంచెం తగ్గుతుంది, థ్రస్టూ తగ్గుతుంది. మోటారును చల్లార్చే గాలి మాత్రం అప్పటికే వేడెక్కి ఉంటుంది. డిసెంబరులో గోరువెచ్చగా దిగిన మోటారు మేలో చేయి పెట్టనివ్వకపోవడానికి కారణం ఇదే.

విమానం ఎగరడం మొదలెట్టాక కరెంటు ఎంత తగ్గుతుందన్నది నేలమీది మీటరుకు అందని సంగతి. ముందుకు కదిలే విమానంలో ప్రొపెల్లర్‌కు గాలి ఎదురొస్తుంది కనుక రెక్క కోణం మీద భారం తగ్గుతుంది, చుట్లు పెరుగుతాయి, ఆంపియర్లు దిగుతాయి. పిచ్ ఎక్కువున్న ప్రొపెల్లర్లు నేలమీద మరీ అన్యాయంగా కనబడటానికీ ఇదే మూలం. పిచ్ వ్యాసంలో మూడింట రెండు వంతులకు చేరేసరికి, నిలకడగా ఉన్నప్పుడు రెక్క కొంతమేర గాలిపట్టు లేకుండానే తిరుగుతుంటుంది. కదలిక మొదలయ్యాక పట్టు దొరుకుతుంది.

ఆ విద్యార్థులు రెండో మోటారుగా 1000 కేవీది తెచ్చుకున్నారు, 9×6 పెట్టారు. నేలమీద నిండు థ్రాటిల్‌కు మీటరు చూపింది 12 ఆంపియర్లు. తర్వాత నాగావళి ఇసుక తిన్నెల మీద 12 నిమిషాలు ఎగరేసి, ఇంటికొచ్చి బ్యాటరీని ఛార్జరుకు తగిలించారు. ఛార్జరు తిరిగి నింపింది 1,200 మిల్లీ ఆంపియర్ అవర్లు. 12 నిమిషాలంటే గంటలో అయిదో వంతు. 1.2ను 0.2తో భాగిస్తే 6 ఆంపియర్లు. గాలిలో ఆ మోటారు సగటున లాగింది అంతే.